స్వాతి కార్తె రాకముందే

ఆశ్వయుజంలో బాగా ఎండ కాసిన రోజొకటి చూసి, మిట్టమధ్యాహ్నం వేళ నాయనమ్మ నన్ను ఇంట్లోకి పంపి తలుపులు మూసేసేది. కిటికీలకు అప్పటికే గోనెపట్టాలు కట్టి ఉండేవి. నా చేతికి ఒక వెదురు పుల్ల ఇచ్చేది. ఎత్తున్న చోట అందుకోవడానికి మామిడికాయలు కోసే దోటి ఉండేది. చీకట్లో కాసేపు కదలకుండా నిలబడితే కళ్ళు కుదుటపడేవి. అప్పుడు తలెత్తి చూడాలి. కప్పులో తాటాకు ఎక్కడ చివికితే అక్కడ ఎండ సన్నగా దిగుతూ ఉండేది. కొన్ని చుక్కలు, కొన్ని గీతలు, ఒక్కోచోట రూపాయి బిళ్ళంత. వెలుతురు కనబడ్డ చోటల్లా కింద నుంచి పుల్ల గుచ్చి, కొస పైకి వచ్చేలా తోయడం నా పని. కప్పు మీద నిచ్చెన పరుచుకుని దాని మీద బోర్లా పడుకున్న తాత ఆ కొస చూసి, "కనపడిందమ్మాయ్, అట్టాగే ఉంచు" అని కేకేసేవాడు. పాత ఆకు కొద్దిగా ఎత్తి, దాని కిందకి కొత్త ఆకు దోపి, నారతో బిగించి, పుల్ల కొసని అరచేత్తో తట్టేవాడు. తట్టాడంటే ఇక లాగేసుకోవచ్చని. అక్కడ వెలుతురు ఆరిపోయేది. నేను పక్క చుక్క దగ్గరికి జరిగేదాన్ని.

ఆ తాత మాకు చుట్టం కాదు. ఊళ్ళో సగం ఇళ్ళు నేసింది ఆయనే. మా వైపు కప్పు వేయడాన్ని ఇల్లు నేయడం అంటారు. అది వేసవి పని. మాఘ, ఫాల్గుణాల్లో తాటాకు కొట్టి, పరిచి, పైన బరువులు పెట్టి చదును చేసి, ఎండాక రెండు మూడేళ్ళకోసారి ఇల్లంతా విప్పి మళ్ళీ నేసేవాళ్ళు. వంటింటి మీది ఆకు మాత్రం పొగ పట్టి నల్లబడి ఇంకో ఏడాది ఎక్కువ వచ్చేది. పొగకు పురుగు చేరదు. ఆశ్వయుజంలో చేసేది నేత కాదు, దోపుడు. నైరుతి వానలకు తడిసి తడిసి ఎక్కడ ఆకు కుళ్ళిందో అక్కడ మాత్రం మాటు వేయడం.

మాది దివిసీమ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, ఆ రెండు పాయలూ సముద్రంలో కలిసేదాకా మధ్యలో మిగిలిన నేల. మూడు వైపులా నీళ్ళే. 1980ల్లో, నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, మా ఊళ్ళో డాబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. మిగతావన్నీ తాటాకు ఇళ్ళు, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ రెల్లు కప్పిన చుట్టిళ్ళు. గుండ్రటి గోడ, గొడుగులాంటి కప్పు, మనిషి వంగితే తప్ప దూరలేనంత కిందకి దిగిన చూరు. గాలికి పట్టు దొరక్కుండా అలా కట్టారు. నాయనమ్మ పుట్టిల్లు అలాంటి చుట్టిల్లేనట. నేను చూడలేదు.

ఈ మరమ్మతులన్నీ ఆశ్వయుజంలోనే ఎందుకంటే, మాకు వానాకాలం ఒకసారితో అయిపోదు. నైరుతి వెనక్కి మళ్ళాక కొన్నాళ్ళు తెరిపి ఇస్తుంది. కృష్ణ ఒడ్డున రెల్లు తెల్లగా పూస్తుంది. ఆకాశం కడిగినట్టు ఉంటుంది. చేలో వరి పొట్ట మీద ఉంటుంది కాబట్టి పొలంలో చేయడానికి పెద్దగా పని ఉండదు, మనుషులు దొరుకుతారు. ఆ తెరిపి వెనకాలే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. స్వాతి, విశాఖ కార్తెలు మా వాళ్ళకు గుండె గుబులు పుట్టించే కార్తెలు. అందుకని హస్త వెళ్ళాక మొదలుపెట్టి చిత్త దాటకముందే అన్నీ ముగించాలని నాయనమ్మ పట్టు. మరీ ముందు మొదలుపెడితే గోడలో తడి ఆరదు, మెత్తిన మట్టి పెచ్చులుగా రాలిపోతుంది. ఆలస్యమైతే మెత్తిన మట్టి ఆరకుండానే గాలివాన వచ్చేస్తుంది. దొరికేది రెండు వారాలు.

గోడల పని ముందు. చూరు నుంచి జారిన నీళ్ళు నేల మీద పడి, చింది, గోడ పాదాన్ని నాలుగు నెలలపాటు కొడతాయి. దానికి తోడు మా నేలలో ఉప్పు. తడి పైకి ఎక్కి, ఆరి, గోడకు జానెడు ఎత్తున తెల్లగా పూసి, వేలితో గీరితే పొడిపొడిగా రాలేది. పందికొక్కుల బొరియలు సరేసరి. నాన్న పలుగుతో పాడైన మట్టంతా గట్టి గోడ తగిలేదాకా చెక్కేసేవాడు. మొదటిసారి చూసినప్పుడు ఇల్లు పడగొడుతున్నాడేమోనని ఏడ్చానట.

మట్టి ఎక్కడ పడితే అక్కడిది పనికిరాదు. మా చేలల్లో నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు తీస్తుంది. పాత ఊరి దిబ్బ నుంచి పాటిమన్ను బండి మీద తోలుకొచ్చి, అందులో కొంచెం రేగడి, ఊక కలిపి, నీళ్ళు పోసి మూడు రోజులు నాననిచ్చేవాళ్ళు. మూడో రోజుకి పుల్లటి వాసన. ఆ వాసన వస్తేనే అడుసు తొక్కడానికి పిల్లల్ని పిలిచేవాళ్ళు. మోకాళ్ళదాకా దిగబడి, ఒకళ్ళ భుజాలు ఒకళ్ళం పట్టుకుని గుండ్రంగా తొక్కేవాళ్ళం. నాయనమ్మ ఒక ముద్ద తీసి అరుగు మీద వేసి చూసేది. పగిలితే ఊక ఎక్కువైందని, అట్టులా పరుచుకుంటే నీళ్ళు ఎక్కువయ్యాయని. ముద్ద ముద్దలాగా కూర్చుంటే, "ఇంక చాలు, కాళ్ళు కడుక్కోండి" అనేది.

చెక్కిన చోట నీళ్ళు చల్లి, ముద్దల్ని గట్టిగా విసిరి కొట్టాలి. పూసినట్టు పూస్తే పట్టదు. విసురుకి లోపలి గాలి పోయి పాత గోడ కొత్త మట్టిని పట్టుకుంటుంది. రెండు రోజులకి బీటలు వస్తాయి. వాటిలోకి పల్చటి అడుసు వేలితో నింపాలి. మళ్ళీ ఆరాలి. ఆ తర్వాత పేడతో అలికి, దీపావళికి ముందు గుల్ల సున్నం కొట్టేవాళ్ళు. సున్నం తడుపుతుంటే నిప్పు లేకుండానే కుండలో కుతకుత ఉడికేది. మమ్మల్ని దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కాదు.

మిగతావి చిన్న పనులు. ఇంటి చుట్టూ బోదె తవ్వి పంట కాలవలోకి కలపడం, తాటిమట్టల దడిలో విరిగినవి మార్చడం, పశువుల పాకలో గుంటలు పూడ్చడం. ఇవన్నీ అమ్మా బాబాయీ చూసుకునేవాళ్ళు. నాయనమ్మ వాటిని పట్టించుకునేది కాదు. ఆవిడ కళ్ళన్నీ తాళ్ళ మీద ఉండేవి.

తాళ్ళు కొనేది కాదు. జనపనార తాళ్ళు ఇంట్లో ఉన్నా వాటిని కప్పు మీదికి ఎక్కనిచ్చేది కాదు, తడిస్తే కుళ్ళుతాయని. కొబ్బరి పీచు నెలల తరబడి నీళ్ళలో నానబెట్టి, కొట్టి, ఎండేసి దాచేది. ఆశ్వయుజం రాగానే సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పీచు పేనేది. ముందు సన్నటి పేట, తర్వాత మూడు పేటలు కలిపి చిటికెన వేలంత లావు తాడు. ఒక కొస నేను పట్టుకుని తిప్పుతూ వెనక్కి వెనక్కి నడిచేదాన్ని. బాదంచెట్టు దాటి వీధిలోకి వచ్చేదాన్ని. పది బారలు అయ్యాక "ఆగు" అనేది. ఏటా అన్ని తాళ్ళూ కొత్తవి కావు. పోయినేడాదివి తీసి, రెండు చేతులతో పట్టి గుంజి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నచ్చనివి పశువులకి పలుపుతాళ్ళుగా ఇచ్చేసేది.

అప్పుడు అట్లతద్ది వచ్చేది. పున్నమి వెళ్ళిన మూడో రోజు. తెల్లవారుజామున గోంగూర పచ్చడితో చద్దన్నం తిని, ఇంకా చీకటి ఉండగానే ఆడపిల్లలందరం చేరేవాళ్ళం. మా వేపచెట్టుకి ఉయ్యాల వేసేది ఆ కొత్త తాళ్ళతోనే. వీధిలో పిల్లలంతా మా ఇంటికి వచ్చేవాళ్ళు, మా ఉయ్యాల ఎప్పుడూ కొత్తది కాబట్టి. ఇద్దరేసి, ముగ్గురేసి ఎక్కి ఊగేవాళ్ళం. నాయనమ్మ అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూస్తోందనుకునేదాన్ని. ఆవిడ చూసింది తాడునీ, కొమ్మ దగ్గర అది రాసుకునే చోటునీ. రోజంతా పిల్లల బరువు మోసి ఒక్క పోగు కూడా తెగని తాడు మర్నాడు పొద్దున కప్పు మీదికి ఎక్కేది.

కప్పు కట్టడం ఒక రోజు పని. అడ్డంగా ఐదు తాళ్ళు, నిలువుగా రెండు. తాత పైన నడికొప్పు మీద కాళ్ళు చెరో వైపు వేసుకుని కూర్చునేవాడు. తాళ్ళు ఆకు మీదుగా వెళ్ళి, మధ్య మధ్యలో లోపలికి దిగి వాసాలకీ పెండెలకీ చుట్టుకుని మళ్ళీ పైకి రావాలి. లోపల పడే ప్రతి ముడీ పీటముడి. విప్పాలంటే కొడవలి కావాలి. కొసలు నాలుగు వైపులా కిందకి దిగి, తుమ్మ గుంజలకు కట్టుకునేవి. ఆ గుంజల్ని ఇంటి నుంచి బయటికి వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టేవాళ్ళు. నిటారుగా కొడితే తాడు లాగుడుకి పైకి వచ్చేస్తాయి.

ఆ గుంజల దగ్గరే ఏటా గొడవ. నాన్న అక్కడ కూడా పీటముడి వేస్తానంటాడు. నాయనమ్మ జారుముడి వేయమంటుంది.

"గాలికి జారుముడి నిలబడదమ్మా. ఊడితే కప్పు లేచిపోద్ది."

"నిలబడేట్టు రెండు చుట్లు చుట్టి వెయ్యి. కానీ లాగితే రావాల."

"గాలివానలో బయటికొచ్చి ముడి లాగేదెవరు?"

"నేనున్నాను, పిల్లుంది."

నాన్న ఇంకేం మాట్లాడేవాడు కాదు. ముడి ఆవిడ చెప్పినట్టే పడేది. తర్వాత నా వంతు. కళ్ళకు పాత చీర కొంగు కట్టి, ఇంటి గుమ్మం దగ్గర నిలబెట్టి, "పో, పశ్చిమం వైపు గుంజ విప్పిరా" అనేది. గోడ తడుముకుంటూ వెళ్ళి, గుంజ పట్టుకుని, రెండు చుట్లు వెనక్కి తిప్పి, కొస లాగాలి. మొదటి ఏడాది వేళ్ళు ఒరుసుకుపోయాయి. తర్వాత ఏడాదికి చెంబుతో నీళ్ళు పోసి ముడి తడిపి మరీ విప్పమంది. తడిసిన కొబ్బరి తాడు ఉబ్బి, ముడి బిగుసుకుంటుంది. ఆ మెలకువ కూడా నేర్పింది: ముందు ముడిని వెనక్కి నెట్టి వదులు చేసి, అప్పుడు లాగాలి. పదేళ్ళ వయసుకి మా ఇంటి చుట్టూ ఉన్న పద్నాలుగు ముళ్ళూ కళ్ళు మూసుకుని విప్పేదాన్ని. అది దాగుడుమూతల్లాంటి ఆటని నా నమ్మకం. అన్నయ్యకంటే నేనే ముందు విప్పానని గొప్పలు చెప్పుకునేదాన్ని.

1990 వేసవిలో మా ఇల్లు నేతకు వచ్చింది. మే మొదటి వారంలో తాత పాత ఆకంతా విప్పేశాడు. దూలాలు, వాసాలు, పెండెలు బయటపడి ఇల్లు ఎముకల గూడులాగా ఉంది. కొత్త ఆకు మోపులు దొడ్లో పేర్చి ఉన్నాయి. తాళ్ళు చుట్టలు చుట్టి పశువుల పాకలో అటక మీద పెట్టాం. వేసవిలో తుఫాను వస్తుందని మా వాళ్ళెవరూ లెక్కలో పెట్టుకునేవాళ్ళు కాదు. మా భయాలన్నీ దసరాకీ కార్తీక పున్నమికీ మధ్యన ఉండేవి. రేడియోలో హెచ్చరికలు మొదలయ్యాయి. మైకు కట్టిన జీపు ఊళ్ళోకి వచ్చింది. ఆ వెనకాల లారీలు. నాయనమ్మ ఎవరూ అడగకముందే పెట్టె సర్దుకుంది. గుమ్మం దాటుతూ ఒకసారి పైకి చూసింది. కప్పు లేని వాసాల మధ్యనుంచి ఆకాశం కనబడుతోంది.

మే 9, వైశాఖ పున్నమి. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తుఫాను తీరం దాటింది. ఆ రాత్రి మేం ఎత్తు మీదున్న ఒక బడి గదిలో ఉన్నాం. ఆ గదిలో ఎంతమందిమో లెక్కలేదు. తలుపుకి బల్లలు అడ్డం పెట్టారు. గాలి చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినబడడం లేదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని, నా చెవి దగ్గర నోరు పెట్టి, నాయనమ్మ అప్పుడు చెప్పింది, 1977 సంగతి.

ఆ ఏడు నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి పది రోజులైనా కాలేదు. మా ఊరికి నీళ్ళు అరుగులదాకా వచ్చి ఆగాయి. నాయనమ్మ పుట్టినూరు సముద్రానికి దగ్గర. అక్కడికి వచ్చింది ఉప్పెన. ఐదు మీటర్ల ఎత్తు అల లేచిందని తర్వాత పుస్తకాల్లో చదివాను. సర్కారు లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు 10,000 మంది. నాయనమ్మ తమ్ముడు గాలికి భయపడి, పొద్దున్నే కప్పుని కొత్త తాళ్ళతో నేలలోని గుంజలకు పీటముళ్ళు వేసి కట్టాడట. కప్పు గాలికి చెక్కు చెదరలేదు. రాత్రి నీళ్ళు గోడ సగానికి వచ్చాక అందరూ పైకెక్కారు. పక్కింటివాళ్ళ కప్పు అప్పటికే గోడల మీదనుంచి లేచి, విడిపోకుండా, తెప్పలాగా తేలిపోయింది. దాని మీద ఆరుగురు కాలవ గట్టుదాకా కొట్టుకుపోయి బతికారు. తమ్ముడి కప్పు మాత్రం గుంజలకు కట్టేసి ఉండిపోయింది. తేలలేదు. నీళ్ళు దాన్ని దాటి పైకి వచ్చాయి. తమ్ముడు నీళ్ళలోకి మునిగి ముళ్ళు విప్పబోయాడట. తడిసిన పీటముడి. చీకటి. చేతిలో కొడవలి లేదు. ఒక తాటిచెట్టుని పట్టుకుని బతికి బయటపడ్డ పెద్ద మేనల్లుడు ఈ సంగతి వచ్చి చెప్పాడు. ఆ ఇంట్లో మిగిలింది వాడొక్కడే.

"వాడు కప్పు బాగానే కట్టాడే" అంది నాయనమ్మ. "ముడే తప్పేశాడు."

అప్పటిదాకా ఆవిడ నోట తమ్ముడి పేరు నేను వినలేదు. పన్నెండేళ్ళపాటు ఏటా ఆశ్వయుజంలో, పీచు పేనుతూ, గుంజల దగ్గర నాన్నతో పేచీ పడుతూ, నా కళ్ళకు కొంగు కడుతూ ఆవిడ చేసింది ఏమిటో ఆ రాత్రి నాకు తెలిసింది. ఇంటి మరమ్మతు అంటే ఇల్లు నిలబెట్టడానికని అందరం అనుకున్నాం. ఆవిడ మాత్రం ఇల్లు పోయినా మనుషులు మిగిలేట్టు కప్పు కట్టిస్తోంది. లోపలి ముళ్ళు పీటముళ్ళు ఎందుకో, బయటి ముళ్ళు జారుముళ్ళు ఎందుకో నాన్నకు తెలుసు. అందుకే ఎక్కువ వాదించేవాడు కాదు.

నాలుగో రోజు తిరిగొచ్చాం. గోడలు మూడు వైపులా కూలిపోయి ఉన్నాయి. మేం ఆశ్వయుజంలో మెత్తిన పాదం మాత్రం జానెడు ఎత్తున ఇంటి చుట్టూ గీత గీసినట్టు నిలబడి ఉంది. తాటాకు మోపుల్లో ఒక్క ఆకు దొరకలేదు. వాసాలు రెండు పొలాల అవతల, పశువుల పాక నేలమట్టం. ఆ తుఫానులో చనిపోయినవాళ్ళు 967 మంది. అది 1977 కంటే చిన్న తుఫానేమీ కాదని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ముందుగా మనుషుల్ని కదిలించడం వల్లే అంతమంది బతికారు. మా ఊళ్ళో ఒక్కరూ పోలేదు. ఇల్లు నేసే తాత వచ్చి, కూలిన గోడల మధ్య కాసేపు నిలబడి, "తాళ్ళు దొరికినయ్యా?" అని అడిగాడు. పాక మట్టి కింద దొరికాయి. నాయనమ్మ వాటిని కాలవలో కడిగి, ఎండేసి, గుంజి చూసింది. ఒక్కటీ తెగలేదు.

రెండేళ్ళకు అదే మెరక మీద స్లాబు ఇల్లు కట్టాం. తాత పని ఒక్కసారిగా తగ్గిపోయింది. ఊళ్ళో అందరూ అదే దారి పట్టారు. అది తప్పు అనను. కప్పు గాలికి లేవని, నీళ్ళు వస్తే మెట్లెక్కి పైకి పోగలిగే ఇల్లు మా అమ్మకు ఎంత నిద్ర ఇచ్చిందో నేను చూశాను. మట్టి ఇంటిని తలుచుకుని బెంగపడేవాళ్ళు ఒక్కసారి చూరు కింద కూర్చుని విశాఖ కార్తె దాటించి చూడాలి. కానీ స్లాబు వేశాక మరమ్మతు అనే మాటే మా ఇంట్లో వినబడకుండా పోయింది. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుందని, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుందని మాకెవరికీ తెలియదు. తాటాకులో చిల్లు పడితే ఎండ చెప్పేది. స్లాబులో పగులు ఏమీ చెప్పదు. పదిహేనేళ్ళకు వసారా పైకప్పు నుంచి ఒక పెచ్చు నాన్న మంచం పక్కన పడింది. మేస్త్రీని పిలిస్తే పైకి ఎక్కి చూసి, నీళ్ళు పోయే గొట్టంలోంచి బాదం ఆకుల ముద్ద తీసి మాకు చూపించాడు. ఎన్నేళ్ళుగానో వాన నీళ్ళు పైన నిలిచి, లోపలికి ఇంకుతున్నాయి. ఆ గొట్టం శుభ్రం చేయడానికి పట్టేది ఐదు నిమిషాలు.

నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ గొట్టం ఎప్పుడూ పూడలేదు. ఆశ్వయుజం రాగానే అరుగు మీద నుంచే, "పైకెక్కి తూము చూశారా?" అని రోజుకి నాలుగుసార్లు అడిగేది. ఆ పోరు పడలేక ఎవరో ఒకరం ఎక్కేవాళ్ళం. ఆవిడ పోయాక అడిగేవాళ్ళు లేకపోయారు.

ఇప్పుడు నేను ఉండేది విజయవాడలో. ఏటా అట్లతద్దికి ముందు ఒక ఆదివారం ఊరెళ్ళి డాబా ఎక్కుతాను. చుట్టుపక్కల డాబాలన్నీ అక్కడి నుంచి కనిపిస్తాయి. సగం ఇళ్ళకు తాళాలు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. పైన ఆకులు, విరిగిన కుర్చీలు, మూత లేని నీళ్ళ తొట్లు. గాలివానలో ఎగిరిపడి పక్కింటివాళ్ళ నెత్తిన పడేవి అవే.

కోస్తాలో ఇల్లున్న వాళ్ళకు నాదొక మనవి. స్వాతి కార్తె అక్టోబరు నాలుగో వారంలో వస్తుంది. ఆలోపు ఒక్కసారి డాబా ఎక్కి, నీళ్ళు పోయే గొట్టాల్లో చెత్త తీయండి. పైన ఉన్న రేకులూ డబ్బాలూ కిందికి దించండి. స్లాబు కింద తట్టి చూడండి, బోలుగా మోగితే మేస్త్రీని పిలవండి. ఊరొదిలి వెళ్ళిన వాళ్ళు పక్కింటివాళ్ళకి ఒక తాళంచెవి ఇచ్చి పోండి. ఫోను చేసి, "పైకెక్కి తూము చూశారా?" అని అడగండి.